నీళ్లు పారిన గడ్డిలో ఖనిజాలు ఎంత?

బెంగళూరు తూర్పు అంచున వర్తూరు నుంచి సర్జాపుర, హొసకోటె దాకా ఆవులు కట్టుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటిలో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. అక్కడ మేత గురించి మాటొస్తే మొదట వచ్చేది నీళ్ల సంగతే. బోరున్నవాళ్లు సూపర్ నేపియర్ గడ్డి వేస్తారు, చెరువు కింద మడి ఉన్నవాళ్లు పారా గడ్డి కోసుకుంటారు, ఏ నీళ్లూ లేనివాళ్లకు రాగి గడ్డి, వానాకాలంలో గట్ల మీది గడ్డి. "నీళ్లకేం కొదవ లేదన్నా, గడ్డి నడుము దాటింది. ఆవు మాత్రం రెండుసార్లు సూది వేయించినా నిలవలేదు" అనే మాట ఈ వైపు తరచుగా వినిపిస్తుంది. ఆవు చూలు నిలవకపోవడానికి కారణాలు ఎన్నో ఉంటాయి. కానీ గడ్డి నిగనిగలాడుతోంది కాబట్టి మేతలో లోపం లేదని తేల్చేయడం మాత్రం సరికాదు.

నీరు పెడితే గడ్డి పెరుగుతుంది. అందులోని భాస్వరం, కాల్షియం, జింకు, కాపర్ అదే లెక్కన పెరగవు. కొన్ని శాతంలో తగ్గుతాయి, కొన్ని అవసరానికి మించి చేరతాయి, కొన్ని గడ్డిలో ఉండి కూడా ఆవుకు అందవు. వీటిలో ఏది జరుగుతుందనేది నీరు ఎంత పెట్టామన్నదాని కన్నా ఆ నీరు ఎక్కడిది, నేల ఎలాంటిది, గడ్డి ఎన్ని రోజులకు కోశాం అన్నవాటి మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందు ఒక లెక్క సరిచేసుకోవాలి. ల్యాబు రిపోర్టులో "భాస్వరం 0.22 శాతం" అని ఉంటే అది పచ్చిగడ్డిలో శాతం కాదు. తేమంతా ఆరబెట్టాక మిగిలే పొడి పదార్థంలో శాతం. బాగా నీరు తాగిన లేత నేపియర్‌లో పొడి పదార్థం 15 నుంచి 20 శాతమే, మిగతాదంతా నీరు. వానాధారంగా పెరిగి ముదిరిన గడ్డిలో అది 30 శాతం దాకా ఉండొచ్చు. ఆవుకు 25 కిలోల పచ్చిగడ్డి వేశామనుకుందాం. నీరు పెట్టిన గడ్డిలో పొడి పదార్థం 18 శాతం, అందులో భాస్వరం 0.22 శాతం ఉంటే, ఆవు తినేది 4.5 కిలోల పొడి మేత, దానిలో 9.9 గ్రాముల భాస్వరం. ముదురు గడ్డిలో పొడి పదార్థం 30 శాతం, భాస్వరం 0.12 శాతమే అనుకున్నా, 7.5 కిలోల పొడి మేతతో 9 గ్రాముల భాస్వరం లోపలికి వెళుతుంది. రిపోర్టులో దాదాపు రెట్టింపు కనిపించిన తేడా గాడిపాడి దగ్గరికొచ్చేసరికి గ్రాముకు లోపే. అయితే ముదురు గడ్డి 25 కిలోలు ఆవు ఇష్టంగా తింటుందా, తిన్నది అరుగుతుందా అన్నది వేరే ప్రశ్న, అక్కడ లేత గడ్డిదే పైచేయి.

ఇప్పుడు పాల వైపు చూడండి. లీటరు ఆవు పాలలో సుమారు 1.2 గ్రాముల కాల్షియం, 0.9 గ్రాముల భాస్వరం ఉంటాయి. రోజుకు 10 లీటర్లు ఇచ్చే ఆవు ఒక్క పాలలోనే 9 గ్రాముల భాస్వరం బయటికి పంపుతోంది. తన ఒంటికి కావలసింది దీనికి అదనం. పైగా తిన్నదంతా ఒంటబట్టదు. కాబట్టి ఏ నీళ్లతో పెంచినా గడ్డి ఒక్కదానితోనే పాడి ఆవు లెక్క సరిపోదు. ఎంత తక్కువ పడుతోంది, ఎందుకు తక్కువ పడుతోంది అన్నదే తెలుసుకోవలసిన విషయం.

వేరు దగ్గర జరిగేది

నీరు పెడితే గడ్డిలో ఖనిజాలు పెరిగాయని ఒక పరిశోధన చెబుతుంది, తగ్గాయని ఇంకొకటి చెబుతుంది. రెండూ నిజం కావచ్చు, ఎందుకంటే నీరు ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ఒకవైపు గడ్డి బరువును వేగంగా పెంచుతుంది. వేరు లాగిన ఖనిజం అంతే వేగంగా రాకపోతే ఉన్నదే ఎక్కువ మేతలోకి పలచగా పరుచుకుంటుంది. రెండోవైపు, మట్టిలో చిక్కుకుని ఉన్న ఖనిజాలకు వేరు దాకా దారి తెరుస్తుంది.

ఈ రెండో పనిని భాస్వరంలో బాగా చూడొచ్చు. మట్టి నీటిలో కరిగి ఉండే భాస్వరం చాలా కొద్ది. అది నీటి ప్రవాహంతో కొట్టుకురాదు. మట్టి రేణువుల చుట్టూ ఉండే పలుచని నీటి పొరలో చాలా నెమ్మదిగా జరుగుతూ వేరును చేరాలి. నేల ఎండితే ఆ పొర తెగిపోతుంది. పైగా నేలలోని భాస్వరంలో ఎక్కువ భాగం పైపొరలోనే ఉంటుంది, ముందుగా ఎండేదీ ఆ పొరే. అప్పుడు గడ్డి లోతు వేళ్లతో నీరు తాగి పచ్చగానే నిలబడుతుంది కానీ, ఆ లోతులో భాస్వరం దొరకదు. వేసవిలో పచ్చగా కనిపించే గడ్డిలో కూడా భాస్వరం పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పొటాషియం కూడా చాలావరకు ఈ దారినే వస్తుంది. కాల్షియం, మెగ్నీషియం తీరు వేరు. అవి ఆకు ఆవిరి వదిలేకొద్దీ పైకి లాగే నీటితో కలిసి వస్తాయి. అందులోనూ కాల్షియం ఒకసారి ఆకులో కూర్చున్నాక మళ్లీ చిగురుకు తరలిపోదు. అందుకే ఎండాకాలపు గడ్డిలో భాస్వరం తగ్గినంతగా కాల్షియం తగ్గదు, ఆ రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది.

భాస్వరం కొరత ఎంత దూరం తీసుకెళుతుందో దక్షిణాఫ్రికాలో 1920 ప్రాంతంలో పశువైద్య శాస్త్రవేత్త ఆర్నాల్డ్ థైలర్ బృందం తేల్చింది. అక్కడి ఎండు బీళ్లలో మేసే పశువులు భాస్వరం చాలక చచ్చిన జంతువుల ఎముకలు నమిలేవి, వాటితో పాటు లోపలికి వెళ్లిన బొటులిజం విషానికి కాళ్లు చచ్చుబడి కూలిపోయేవి. ఎముకల పొడి మేతలో కలిపి పెడితే ఎముకలు నమలడం మానాయి, చావులు తగ్గాయి. మన ఆవు గోడ నాకినా, గోనెపట్టా నమిలినా మొదట అనుమానించవలసింది భాస్వరం లోటునే.

మరి బెంగళూరు చుట్టుపక్కల నీరు పెడితే భాస్వరం శాతం పెరుగుతుందా, పలచబడుతుందా? ఇక్కడి ఎర్రనేలల్లోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. ఎరువు వేసిన మడిలో నీరు దారి తెరుస్తుంది, శాతం పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఒక్క యూరియా చల్లి నీరు పెట్టే మడిలో తెరవడానికి దారి ఉన్నా రావడానికి సరుకు ఉండదు, గడ్డి మాత్రం పెరుగుతుంది, పలచబడటమే గెలుస్తుంది. కర్ణాటకలో 2009లో మొదలైన భూచేతన కార్యక్రమం కింద చేసిన మట్టి పరీక్షల్లో జింకు, బోరాన్, గంధకం లోపాలు విస్తారంగా బయటపడ్డాయి. నేలలోనే లేని జింకును నీరు గడ్డిలోకి తేలేదు.

కోత వయసు ప్రభావం నీటి ప్రభావంతో కలిసిపోయి కనిపిస్తుంది. నీరున్న రైతు నేపియర్‌ను 45 రోజులకోసారి కోస్తాడు, నీరు లేనివాడి గడ్డి వెన్ను తీసేదాకా నిలబడుతుంది. గడ్డి ముదిరేకొద్దీ ఆకు తగ్గి కాండం పెరుగుతుంది, భాస్వరం, పొటాషియం శాతాలు పడిపోతాయి. "నీరు పెట్టిన గడ్డి బలమైంది" అన్న అనుభవంలో ఎక్కువ వాటా నిజానికి లేత కోతదే. నీళ్లున్నా 80 రోజులకు కోస్తే ఆ లాభం పోతుంది.

నీటితో పాటు వచ్చేవి

పారకం నీరు ఖాళీ చేతులతో రాదు. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు. లీటరుకు 60 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న గట్టి బోరు నీరైతే ఒక్క తడికే 12 కిలోల కాల్షియం మడిలోకి దిగుతుంది. ఎండాకాలంలో 20 తడులు పెడితే 240 కిలోలు. వినడానికి బాగుంది. కానీ అదే నీటిలో మొత్తం కరిగిన లవణాలు లీటరుకు 800 మిల్లీగ్రాములుంటే ఆ 20 తడులతో 3.2 టన్నుల ఉప్పు కూడా దిగుతుంది. గట్టి వాన పడి కడిగితే సరి, లేకపోతే అది వేరు చుట్టూ పేరుకుంటుంది.

లోతు బోర్ల నీటిలో బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటే ఇంకో చిక్కు. ఏళ్లు గడిచేకొద్దీ మట్టి క్షారం వైపు జరుగుతుంది. జింకు, ఇనుము, మాంగనీసు మట్టిలో ఉన్నా వేరుకు అందకుండా బిగుసుకుంటాయి. కొత్త చిగురు లేతపసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే రైతు ఇంకో బస్తా యూరియా వేస్తాడు. దానితో గడ్డి ఇంకా పెరుగుతుంది, ఉన్న కొద్ది జింకు ఇంకా పలచబడుతుంది. జింకు చాలని ఆవుకు గిట్టలు పగలడం, చర్మం గరుకెక్కడం కనిపిస్తాయి. సోడియం ఎక్కువున్న నీరైతే నేల అట్టకట్టి నీరు ఇంకదు, వేళ్లకు గాలాడదు, అప్పుడు ఏ ఖనిజం లెక్కా సాగదు.

కోలారు వైపు బోర్లలో ఫ్లోరైడు సమస్య అందరికీ తెలిసిందే. గడ్డి వేళ్లు ఫ్లోరైడును పెద్దగా పైకి పంపవు. ఆవుకు ముప్పు ఎక్కువగా తొట్టిలో తాగే నీటి నుంచే వస్తుంది.

నగరం వదిలిన నీరు

బెంగళూరు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి కావేరిని ఎత్తిపోసుకుని తాగుతుంది, వాడాక దాన్ని లోయల్లోకి వదులుతుంది. ఆ నీటి మీద ఇప్పుడు ఎన్నో పల్లెల మేత ఆధారపడి ఉంది. కోరమంగల, చల్లఘట్ట లోయ నీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపడం 2018 జూన్‌లో మొదలైంది, మొదట చేరింది లక్ష్మీసాగర చెరువుకు. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. హెబ్బాళ, నాగవార లోయ నీరు చిక్కబళ్లాపురం వైపు వెళుతుంది. చెరువులు నిండి భూగర్భజలం పెరగాలన్నది ఈ పథకాల ఉద్దేశం, నేరుగా మోటారు పెట్టి పారించుకోవడం కాదు. నగరానికి నైరుతి దిక్కున వృషభావతి నీటితో నిండే బైరమంగల చెరువు కింద ఒకప్పటి వరి మళ్లలో పశుగ్రాసం, బేబీకార్న్ వచ్చి చేరాయి. ఆ నీటికి వరి తట్టుకోలేకపోయింది, గడ్డి తట్టుకుంది.

ఈ పథకాల్లో నీటికి జరిగేది రెండో దశ శుద్ధి. అది కుళ్లే పదార్థాన్ని బాగా తగ్గిస్తుంది. కరిగిన లవణాలను ముట్టుకోదు. నత్రజని, భాస్వరం, పొటాషియం చాలావరకు మిగిలే ఉంటాయి. నగరం తిన్న తిండిలోని ఎరువే అది. లీటరుకు 30 మిల్లీగ్రాముల నత్రజని, 5 మిల్లీగ్రాముల భాస్వరం, 15 మిల్లీగ్రాముల పొటాషియం ఉన్నాయనుకుంటే 20 తడులకు ఎకరంలో 120 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 60 కిలోల పొటాషియం పడతాయి. యూరియా కొననక్కర్లేదు. అందుకే ఈ నీటి గడ్డి అంత ముదురు పచ్చగా ఉంటుంది. ఇది చిన్న మేలు కాదు. భాస్వరం విషయంలో ఎర్రనేలకు ఇది నిజంగా వరం. నా ఆందోళన వేరే రెండింటి గురించి.

మొదటిది పొటాషియం. గడ్డి తనకు అవసరమైనంత తీసుకుని ఆగదు, దొరికినంతా లాగేసుకుంటుంది. ఆవు మేతలో పొటాషియం 1 శాతం చుట్టూ ఉంటే చాలు, నేపియర్‌లో అది 3 శాతం దాటడం వింతేమీ కాదు. ఆవు పొట్టలో పొటాషియం ఎక్కువైతే మెగ్నీషియం ఒంటబట్టదు. చూడి ఆవుకు ఇది ఇంకా ప్రమాదం. ఈనగానే జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోతుంది, ఆ లోటు తీర్చడానికి ఎముకల్లోంచి కాల్షియం తీసేలా పారాథైరాయిడ్ హార్మోను పనిచేయాలి. పొటాషియం ఎక్కువున్న మేత రక్తాన్ని క్షారం వైపు జరుపుతుంది, అప్పుడు ఎముక, మూత్రపిండం ఆ హార్మోను మాట సరిగా వినవు. మెగ్నీషియం తగ్గినా ఇదే జరుగుతుంది. ఫలితం పాలజ్వరం: ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఆవు లేవలేక మెడ పక్కకు తిప్పి పడుకుంటుంది. చూడి ఆవు కదా, బలం కావాలని చివరి నెలలో ఉన్నవాటిలో ముదురు పచ్చటి గడ్డి ఏరి మరీ వేస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ మురుగునీటి గడ్డి విషయంలో అది ఎదురు తిరుగుతుంది. ఈనడానికి ముందు మూడు వారాలు ఆ గడ్డి తగ్గించడం, వానాధారపు మేత ఎక్కువ చేయడం మంచిది. ఆ మూడు వారాలు కాల్షియం సీసాలు తాగించడం వల్ల కూడా మేలు జరగదు. బయటి నుంచి ధారాళంగా వస్తుంటే ఎముకలోంచి తీసుకునే యంత్రాంగం నిద్రపోతుంది. కాల్షియం ఇవ్వవలసింది ఈనిన వెంటనే, డాక్టరు చెప్పిన లెక్కలో.

రెండోది ఆక్సలేటు. హైబ్రిడ్ నేపియర్ రకాల్లో ఇది సహజంగానే ఎక్కువ. నత్రజని, పొటాషియం పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది, లేత గడ్డిలో మరీ ఎక్కువ. పొట్టలోకి వెళ్లాక ఇది కాల్షియాన్ని పట్టుకుని కరగని ఉప్పుగా మార్చేస్తుంది. ల్యాబు రిపోర్టులో కాల్షియం 0.4 శాతం కనిపిస్తుంది, ఆవుకు అందులో ఎంత దక్కిందో రిపోర్టు చెప్పదు. నెమరువేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేటును కొంతవరకు విరగ్గొట్టగలవు, అలవాటు పడటానికి వాటికి సమయం కావాలి. కరిగే ఆక్సలేటు పొడి మేతలో 2 శాతం లోపుంటే ఆవుకు సాధారణంగా ఇబ్బంది లేదు. అందుకే 30 రోజుల లేత నేపియర్‌ను ఒక్కసారిగా గాడిపాడి నిండా వేయకూడదు. 45 రోజులు ఆగి కోయడం, పప్పుజాతి మేత కలపడం, ఎండుమేతతో కలిపి ముక్కలు కొట్టి వేయడం మేలు. దశరథ గడ్డి, అలసంద, అవిశ ఆకు కాల్షియంలో గడ్డి కన్నా చాలా మెరుగు.

నైట్రేటు గురించి కూడా ఒక మాట. నత్రజని సమృద్ధిగా ఉన్న మడి బెట్టకు వాడి, మళ్లీ తడి తగిలిన మొదటి రోజుల్లో గడ్డిలో నైట్రేటు గుమిగూడుతుంది. పొడి పదార్థంలో 1 శాతం దాటితే ప్రమాదం. ఆ వారం కోత ఆపాలి.

నీరు నిలిచిన మడి

పారా గడ్డి నీళ్లలో నిలబడి పెరగగలదు కాబట్టి చెరువు తూముల కింద, మురుగు కాలవల పక్కన అదే రాజ్యమేలుతుంది. నీరు నిలిచిన మట్టిలో గాలి ఉండదు. గాలి లేనప్పుడు ఇనుము, మాంగనీసు కరిగే రూపంలోకి మారి గడ్డిలోకి పుష్కలంగా వెళతాయి. జింకు అందడం తగ్గుతుంది. తడినేలల్లో, ముఖ్యంగా మట్టి క్షారం వైపు జరిగితే, మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువగా అందుతుంది. మాలిబ్డినం, గంధకం ఆవు పొట్టలో కలిసి థయోమాలిబ్డేట్లు అనే పదార్థాలవుతాయి, అవి కాపర్‌ను పట్టుకుని ఒంటబట్టకుండా చేస్తాయి. ఇనుము ఎక్కువైనా కాపర్‌కు అడ్డే. ఇంగ్లండులోని సోమర్సెట్ పచ్చికల్లో తరతరాలుగా పశువులు పారుకుని చిక్కిపోవడానికి కారణం మాలిబ్డినమేనని 1930ల చివర్లో తేలింది. ఆ పచ్చికకు నీరూ కొదవ లేదు, పచ్చదనమూ కొదవ లేదు.

కాబట్టి నీరు నిలిచిన మడి గడ్డిలో కాపర్ కిలోకు 10 మిల్లీగ్రాములు ఉందని రిపోర్టు వచ్చినా ధైర్యపడిపోకూడదు. నల్ల ఆవు గోధుమరంగుకు తిరగడం, కళ్ల చుట్టూ వెంట్రుకల రంగు వెలిసిపోవడం, ఎద సరిగా కనిపించకపోవడం కాపర్ లోటుకు గుర్తులు.

భార లోహాల భయం చాలామందిలో ఉంది, ఆ భయానికి ఆధారం ఉంది. ఫ్యాక్టరీ నీరు కలిసే కాలవల్లో కాడ్మియం, నికెల్, సీసం, క్రోమియం వస్తాయి. కాడ్మియం, నికెల్ ఆకుల్లోకి తేలిగ్గా ఎక్కుతాయి. సీసం, క్రోమియం చాలావరకు వేళ్లలోనే ఆగిపోతాయి, కానీ ఆకులకు అంటిన బురదతో నేరుగా పొట్టలోకి వెళతాయి. పాలలోకి ఇవి కొద్దిగానే వస్తాయి, ఆవు కాలేయంలో, మూత్రపిండాల్లో మాత్రం ఏళ్ల తరబడి పేరుకుంటాయి. బురద అంటిన అడుగు భాగం వదిలి కాస్త పైకి కోయడం, గడ్డి జాడించి వేయడం చిన్న పనులే అయినా ఇక్కడ నిజంగా పనికొస్తాయి. ఫ్యాక్టరీ మురుగు అని ఖాయంగా తెలిసిన కాలవ పక్క గడ్డిని అసలు కోయకూడదు. కట్ట ఎంత చవకగా దొరికినా సరే.

నేల నుంచి వెళ్లిపోయేది

నీరు పెట్టి ఎకరంలో ఏడాదికి 100 టన్నుల పచ్చి నేపియర్ కోస్తే 18 టన్నుల పొడి పదార్థం బయటికి పోతుంది. భాస్వరం 0.2 శాతం, పొటాషియం 2 శాతం, జింకు కిలోకు 30 మిల్లీగ్రాముల లెక్కన 36 కిలోల భాస్వరం, 360 కిలోల పొటాషియం, అర కిలోకు పైగా జింకు ఆ మడి వదిలి వెళ్లాయన్నమాట. బోరు నీటి మడిలో పేడ తిరిగి అదే నేలకు చేరకపోతే మూడు నాలుగేళ్లలో గడ్డి ఎత్తు తగ్గకముందే ఖనిజాలు తగ్గడం మొదలవుతుంది. కంటికి అది కనిపించదు. పైన చూసిన మురుగునీటి మడి కథ, ఈ బోరు నీటి మడి కథ ఒకే ఊళ్లో పక్కపక్కనే నడుస్తుంటాయి. ఒకరికి పొటాషియం మించిపోతుంటే ఇంకొకరికి అడుగంటుతుంటుంది. అందుకే పక్కింటివాళ్లు వాడే సంచి చూసి ఖనిజ లవణ మిశ్రమం కొనడం కన్నా మన ప్రాంతపు మేత లెక్కతో తయారైనది అడగడం మంచిది. బెంగళూరు ఆడుగోడిలో 1995లో ఏర్పడిన జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఇలా ప్రాంతాల వారీగా నేల, మేత, పశువుల్లోని ఖనిజ లోపాలు గుర్తించి వాటికి తగిన మిశ్రమాల మీద చాలా పని చేసింది.

గడ్డిని పరీక్షకు పంపేటప్పుడు మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టి, కోత వయసు రాసి పంపాలి. కడగని గడ్డిలో ఎర్రమట్టి ఇనుమంతా లెక్కలోకి వచ్చి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. ఒక్క పరీక్షకే డబ్బులున్నాయంటే మాత్రం నేను నీటి పరీక్ష చేయించమంటాను, మేతలో వచ్చే మార్పుల్లో ఎక్కువ భాగానికి సూచన అక్కడే దొరుకుతుంది. ఈ.సి. (నీటిలో కరిగిన లవణాల కొలత అయిన విద్యుత్ వాహకత) మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపుంటే లవణాల బెంగ లేదు, 3 దాటితే ఆ నీటిని ఒంటరిగా వాడకూడదు. మిగులు సోడియం కార్బొనేట్ (కాల్షియం, మెగ్నీషియం పోను నీటిలో మిగిలే కార్బొనేట్, బైకార్బొనేట్) లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపుంటే క్షేమం, 2.5 దాటితే జిప్సం వేయడమో వేరే నీటితో కలిపి పారించడమో తప్పదు. చెరువు నీరైతే నైట్రేటు, పొటాషియం కూడా చూడమని అడగాలి. నమూనా వేసవి చివర ఒకసారి, వానలు ఆగాక ఒకసారి తీయాలి, చెరువు నీరు ఆ రెండు కాలాల్లో ఒకేలా ఉండదు.